రోడ్డు పక్కన రేడియో పెడితే టిప్పర్ దొంగతనం ఆగుతుందా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. నరసన్నపేట దగ్గర హైవే పక్క యార్డులో రాత్రిపూట ఎనిమిది టిప్పర్లు, రెండు స్కూలు బస్సులు ఉంటాయి. బ్యాటరీలు, డీజిలు పోతున్నాయి. ఒకసారి ఏకంగా టిప్పరే గేటు దాటింది, జీపీఎస్ పెట్టె అప్పటికే మూగబోయింది. విదేశాల్లో రోడ్డు పక్క స్తంభాల మీద డీఎస్ఆర్‌సీ (బండి, స్తంభం దగ్గరి నుంచి నేరుగా మాట్లాడుకునే పద్ధతి) రేడియోలు ఉంటాయని, బండి తన ఉనికిని తానే చెబుతుందని చదివారు. అలాంటిది మన దగ్గర పెట్టుకోవచ్చా అని అడిగారు.

డీఎస్ఆర్‌సీని ఉన్నది ఉన్నట్టు పెట్టుకోలేరండి. దాని పనితీరులో మీకు అక్కరకొచ్చే భాగాన్ని మాత్రం లైసెన్సు అవసరం లేని 865 మెగాహెర్ట్జ్ రేడియోతో సొంతంగా కట్టుకోవచ్చు. మామూలుగా జీపీఎస్ ట్రాకరు ఏదైనా జరిగినప్పుడే మీకు కబురు పెడుతుంది. దొంగ దాని వైరు కోసినా, సిగ్నలును నొక్కేసే జామర్ పెట్టినా ఆ మాట మీదాకా రాదు, తెల్లారేదాకా మీకు తెలియదు. రోడ్డు పక్క రేడియోలో లెక్క తిరగబడుతుంది. బండి ఏమీ జరగనప్పుడే ఎడతెగకుండా మాట్లాడుతూ ఉంటుంది, ఆ మాట ఆగడమే అలారం. దొంగ దాని నోరు నొక్కితే పట్టుబడతాడు. ఇక కింద చెప్పేదంతా ఈ ఒక్క సూత్రాన్ని యార్డులో, రోడ్డు మీద నిలబెట్టే పని.

ముందు డీఎస్ఆర్‌సీ సంగతి. అమెరికాలో టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 1999లో 5.9 గిగాహెర్ట్జ్ దగ్గర 75 మెగాహెర్ట్జ్ పట్టీని దీనికి కేటాయించింది. బండి తన స్థానం, వేగం, దిశ సెకనుకు పదిసార్లు ప్రసారం చేస్తుంది, అది కొన్ని వందల మీటర్ల దాకా వినిపిస్తుంది. సిమ్మూ టవరూ అక్కర్లేదు. 2020లో అదే ఎఫ్‌సీసీ అందులో 45 మెగాహెర్ట్జ్ తీసేసి వైఫై లాంటి వాడకానికి ఇచ్చింది, మిగిలిన 30ని సీ-వీ2ఎక్స్ అనే మరో పద్ధతికి మళ్లించింది. మన టిప్పర్లలో ఈ రేడియోలు లేవు కాబట్టి స్తంభం పెట్టినా దానితో మాట్లాడే బండి ఉండదు. ఇంకో సంగతి చాలామంది గమనించరు. ఆ వ్యవస్థ ప్రమాదాలు తప్పించడానికి పుట్టింది, దొంగల్ని పట్టడానికి కాదు. ప్రతి సందేశం మీద డిజిటల్ సంతకం ఉంటుంది కానీ, ఎవరూ బండిని వెంబడించకుండా దాని గుర్తింపును కొద్దికొద్ది సమయానికి కావాలనే మార్చేస్తారు. మీకు కావలసింది దానికి ఎదురు: బండి ఏదో మీకు ఖాయంగా తెలియాలి, బయటివాడికి తెలియకూడదు. అక్కడి నుంచి సంతకం పద్ధతి ఒక్కటి అరువు తెచ్చుకుంటే చాలు.

రోడ్డు పక్క రేడియోల్లో ఒకటి మీ బండి అద్దం మీద ఇప్పటికే ఉంది, అదే ఫాస్టాగ్. 865 నుంచి 867 మెగాహెర్ట్జ్‌లో పనిచేసే బ్యాటరీ లేని స్టిక్కరు అది. టోల్‌గేటు రీడరు పంపే శక్తితోనే బదులిస్తుంది. బండి పోయిందనగానే చాలామంది చేసే మొదటి పని బ్యాంకుకి ఫోన్ చేసి దాన్ని బ్లాక్ చేయించడం. అది తప్పు. బ్లాక్ అయిన ట్యాగు నుంచి డబ్బు కోయరు, మెసేజీ రాదు, మీ చేతిలో ఉన్న ఆచూకీ పోతుంది. పోలీసులు చెప్పేదాకా ట్యాగును నడవనివ్వండి, అందులో ఎప్పుడూ రెండు మూడు టోళ్లకు సరిపడా డబ్బు ఉంచండి. మెసేజీ ఆలస్యంగా రావచ్చు కాబట్టి అది వచ్చిన సమయాన్ని నమ్మకండి. స్టేట్‌మెంటు తీసి, రీడరు ట్యాగును చదివిన సమయం వేరుగా చూపిస్తుంటే దాన్నే పోలీసులకు ఇవ్వండి. మడపాం టోల్‌గేటులో చదివితే బండి శ్రీకాకుళం వైపు, నాతవలస టోల్‌గేటులో చదివితే విజయనగరం జిల్లాలోకి వచ్చి విశాఖ వైపు వెళుతోందని తేలుతుంది.

అయితే ఫాస్టాగ్‌ను నమ్ముకుని కూర్చోలేం. తెలిసిన దొంగ స్టిక్కరు పీకేస్తాడు. పైగా నరసన్నపేట నుంచి పాతపట్నం మీదుగా పర్లాకిమిడి వైపు తిరిగితే మడపాం తగలనే తగలదు. టోల్‌గేటు లేని దారిలో మీ రేడియో ఉండాలి.

ఇప్పుడు బండిలో పెట్టే పెట్టె. రేడియో, చిన్న కంప్యూటరు ఒకే చిప్పులో ఉండే ఎస్‌టీఎం32డబ్ల్యూఎల్ఈ5 రకం మాడ్యూలు తీసుకోండి. ర్యాక్3172 అలాంటిదే. విడిగా కట్టేట్టయితే ఎస్ఎక్స్1262 రేడియో చాలు. ఇవన్నీ లోరా అనే, తక్కువ శక్తితో దూరం వెళ్లే రేడియో పద్ధతివి. 868 అని రాసి ఉన్న బోర్డు మన 865కి పనికొస్తుంది. 915 అని రాసి ఉన్నది చవగ్గా దొరికినా వద్దు, ఆ చుట్టుపక్కల మన దేశంలో మొబైల్ కంపెనీల పట్టీ ఉంది. 433 బోర్డు అసలు వేరే జాతి. కొనేముందు ఆ మాడ్యూలుకు డబ్ల్యూపీసీ (కేంద్ర ప్రభుత్వ రేడియో విభాగం) టైప్ అప్రూవల్ ఉందో లేదో అడగండి. పట్టీకి లైసెన్సు అక్కర్లేకపోయినా పరికరానికి ఆ ధ్రువీకరణ ఉండాలి. కదలిక కోసం ఎల్ఐఎస్3డీహెచ్ సెన్సరు, సొంత బ్యాటరీగా ఒక 1500 మిల్లీయాంపియర్-అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్లు పెట్టండి. ఎండాకాలం మూసిన క్యాబిన్ వేడికి మామూలు లిథియం అయాన్ ఉబ్బిపోతుంది, ఇది తట్టుకుంటుంది.

ఈ సెల్లు దగ్గర జరిగే తప్పు ఒకటే. అందరి దగ్గరా ఉండే టీపీ4056 ఛార్జరు బోర్డును దీనికి కలిపేస్తారు. అది 4.2 వోల్టుల దాకా ఎక్కిస్తుంది, ఈ సెల్లుకు హద్దు 3.6 వోల్టులే. కొన్ని వారాల్లో సెల్లు చస్తుంది, దొంగ బ్యాటరీ తీసిన రోజున పెట్టె కూడా దానితోపాటే ఆరిపోతుంది. టీపీ5000 బోర్డు తీసుకుని దాన్ని 3.6 వోల్టులకు అమర్చండి. సెల్లు నుంచి మాడ్యూలుకు నేరుగా ఇవ్వకుండా 3.0 వోల్టుల ఎంసీపీ1700 రెగ్యులేటరు మధ్యలో పెట్టండి.

టిప్పరు, బస్సు 24 వోల్టుల బండ్లు. డైనమో వైపు నుంచి ఒక్కోసారి వచ్చే వోల్టేజీ దెబ్బ వోల్టేజీ తగ్గించే మామూలు ఎల్ఎం2596 బోర్డును కాల్చేస్తుంది, దాని హద్దు 40 వోల్టులు. దెబ్బను మింగే 33 వోల్టుల టీవీఎస్ డయోడు పెట్టానుగా అనుకుంటారు, కానీ అది పెద్ద దెబ్బను 53 వోల్టుల దగ్గర గాని ఆపదు. అందుకని టీవీఎస్‌తో పాటు ఎల్ఎం2596హెచ్‌వీ, అంటే 60 వోల్టుల రకం వాడాలి. అంతకంటే ముందు బ్యాటరీకి దగ్గరగా ఒక యాంపియరు ఫ్యూజు ఉండాలి, పెట్టె దగ్గర కాదు. ఫ్యూజుకూ బ్యాటరీకీ మధ్య వైరు ఎక్కడ ఒరుసుకున్నా మంట పుడుతుంది.

కరెంటు ఎక్కడ నుంచి తీసుకోవాలన్నది ఇంకా ముఖ్యం. రాత్రి డ్రైవరు బ్యాటరీ కట్-ఆఫ్ స్విచ్చి తిప్పి దిగుతాడు. మీరు స్విచ్చి తర్వాత వైరు కలిపితే ప్రతి రాత్రీ పది బండ్లూ బ్యాటరీ పోయిందని అరుస్తాయి. స్విచ్చికి ముందు, బ్యాటరీ వైపే కలపాలి. ఆ వైరు మీద వోల్టేజీ కొలవడానికి 100 కిలో-ఓమ్, 10 కిలో-ఓమ్ నిరోధాల జంట చాలు. 28.8 వోల్టులు వచ్చినా కొలిచే పిన్నుకు 2.6 వోల్టులే చేరతాయి. పిన్ను దగ్గర వోల్టేజీ హద్దు దాటకుండా ఆపే 3.3 వోల్టుల జీనరు డయోడు పెట్టడం మరవద్దు. వోల్టేజీ హఠాత్తుగా సున్నా అయితే పెట్టె తన వంతు వచ్చేదాకా ఆగకుండా అప్పటికప్పుడే మూడుసార్లు, మధ్యలో క్రమం లేని విరామంతో చెప్పాలి. డీజిలుకు ట్యాంకు మూత దగ్గర అయస్కాంతం, రీడ్ స్విచ్చి (అయస్కాంతానికి స్పందించే స్విచ్చి) పెట్టి రెండు వైర్లు పెట్టెకు తేవాలి. పైపు వేసి మెల్లగా లాగేవాడి పనికి బండి కదలదు, కదలిక సెన్సరు దాన్ని పట్టలేదు.

సెన్సరు 80 మిల్లీ-జీ (జీ అంటే భూమి ఆకర్షణ కలిగించే త్వరణం) దగ్గర, మూడు సెకన్లు ఆగకుండా కదిలితేనే మేల్కొనేట్టు మొదలుపెట్టండి. ఎల్ఐఎస్3డీహెచ్‌లో ±2జీ అమరికలో ఒక మెట్టు 16 మిల్లీ-జీ, కాబట్టి ఐదు మెట్లు. హైవే పక్క యార్డులో బరువు లారీ వెళ్లినా నేల అదురుతుంది. అంతకు తగ్గించి పెడితే రాత్రంతా ఇదే గోల.

యాంటెన్నా కోసం ఎనిమిది సెంటీమీటర్ల పైచిలుకు నిటారు తీగ చాలు, ఈ పౌనఃపున్యానికి పావు తరంగం దాదాపు అంతే. దాచాలన్న తాపత్రయంతో పెట్టెను ఇనుప డ్యాష్‌బోర్డు కింద బిగిస్తే వంద మీటర్లు కూడా దాటదు. ముందు అద్దం పక్క స్తంభానికి ఉండే ప్లాస్టిక్ తొడుగు లోపల పెట్టండి. ఫాస్టాగ్‌కు మాత్రం జానెడు దూరంలో ఉంచండి. బయటి యాంటెన్నా కొంటే ఎస్ఎంఏ, ఆర్‌పీ-ఎస్ఎంఏ అనే రెండు రకాల కనెక్టర్ల తేడా చూసుకోండి. రెండూ మర ఎక్కుతాయి, బిగుసుకుంటాయి, కానీ మధ్య పిన్ను తగలదు. కొత్త పరికరం ఇరవై మీటర్లు కూడా దాటలేదని వచ్చే ఫిర్యాదుల్లో మొదట చూడాల్సింది ఇదే. యాంటెన్నా లేకుండా ప్రసారం చేయించవద్దు, రేడియో చివరి దశ పాడవవచ్చు.

ఇప్పుడు సందేశం. 20 బైట్లలో సరిపోతుంది: బండి నంబరుకు 2, లెక్కకు 4, పరిస్థితికి 1, వోల్టేజీకి 1, స్థానానికి 8, సంతకానికి 4. ఇందులో లెక్క, సంతకం ఎందుకో శ్రద్ధగా చదవండి, భద్రత అంతా అక్కడే ఉంది. పెట్టె ఉత్త బండి నంబరు మాత్రమే పంపుతుంటే దొంగ ఆ ప్రసారాన్ని రికార్డు చేసి, అదే మాటను యార్డు పక్క నుంచి తిరిగి వదులుతూ బండిని తోలుకుపోతాడు. మీ రిసీవరుకు బండి యార్డులోనే ఉన్నట్టు వినిపిస్తుంది. అందుకని ప్రతి సందేశానికీ ఒకటి చొప్పున పెరిగే లెక్క ఉండాలి. రిసీవరు క్రితం దానికంటే పెద్దది వస్తేనే ఒప్పుకోవాలి. ఆ లెక్కతో సహా మొత్తం సందేశం మీద ఏఈఎస్-128 రహస్య తాళంతో (పెట్టెకూ రిసీవరుకూ మాత్రమే తెలిసిన గుప్త సంఖ్య) సీమ్యాక్ సంతకం (ఆ తాళంతో సందేశం నుంచి లెక్కగట్టే గుర్తు) వేయాలి. రెండు బైట్ల లెక్క పెట్టకండి. నిమిషానికి ఒకటి పంపినా 45 రోజుల్లో 65,536 దాటి మొదటికొస్తుంది. ఆ రోజు నుంచి సక్రమమైన బండినే రిసీవరు దొంగ అంటుంది.

లెక్కను ఎక్కడ దాచాలన్న చోట ఇంకో గుంట ఉంది. కరెంటు పోయి వచ్చినా లెక్క వెనక్కి వెళ్లకూడదని ప్రతి సందేశానికీ ఫ్లాష్ మెమరీలో రాస్తే, పదివేల సార్లు రాయగల పేజీ వారంలో అరిగిపోతుంది. వందకోసారి మాత్రం రాయండి. పెట్టె తిరిగి లేచినప్పుడు రాసి ఉన్న అంకెకు వంద కలిపి మొదలుపెట్టండి. లేదా ఎఫ్‌ర్యామ్ చిప్పు పెట్టండి, దానికి ఈ అరుగుదల బాధ లేదు.

తాళం ప్రతి బండికీ వేరుగా ఉండాలి. పనిలో సులువని అన్నిటికీ ఒకటే పెడితే ఒక్క పెట్టె దొంగ చేతికి వెళ్లినా పది బండ్ల గుట్టూ బయటపడుతుంది. చిప్పులో చదవకుండా ఆపే రక్షణను తప్పకుండా వేయండి. అలాగే సంతకం సరిగ్గా ఉందంటే పెట్టె నిజమైనదని అర్థం, బండి అక్కడుందని కాదు. పెట్టెను ఊడదీసి యార్డులోనే పడేసి వెళ్తే? అందుకే కరెంటు వైరు, కదలిక, మూత తెరిస్తే తెలిసే చిన్న స్విచ్చి, మూడూ కలిసి ఉండాలి.

యార్డు రిసీవర్లు రెండు పెట్టండి, చెరో చివర. ఒకదానికి వినపడనిది ఇంకోదానికి వినపడుతుంది, ఒకటి పాడైనా రెండోది నిలుస్తుంది. యాంటెన్నా పైన పెట్టి పది మీటర్ల ఆర్‌జీ58 కేబులు కిందికి దింపితే ఈ పౌనఃపున్యంలో ఐదారు డెసిబెల్లు, అంటే ముప్పాతిక శక్తి కేబులులోనే పోతుంది. రిసీవరునే స్తంభం మీద పెట్టెలో ఉంచి కరెంటు, డేటా వైర్లు దింపుకోండి.

ఎంతకోసారి పంపాలి, ఎన్ని మాటలు రాకపోతే సైరన్ మోగాలి? దీన్ని అంచనాతో కాకుండా లెక్కతో తేల్చాలి. పది బండ్లు, ఒక గోడ నోడు (అదేమిటో కిందే చెబుతాను), మొత్తం పదకొండు పెట్టెలు ఒకే ఛానెల్‌లో మాట్లాడతాయి. ఒకదానిపై ఒకటి పడితే రెండు మాటలూ పోతాయి. ఎస్ఎఫ్ అంటే లోరాలో మాటను ఎంత సాగదీసి పంపాలన్న అమరిక, అంకె పెరిగితే దూరమూ సమయమూ పెరుగుతాయి. దూరం బాగా వెళుతుందని ఎస్ఎఫ్9 పెడితే 20 బైట్లకు 185 మిల్లీసెకన్లు గాలిలో ఉంటుంది. నిమిషానికోసారి పంపితే ఆరు శాతం మాటలు ఢీకొంటాయి. వరుసగా మూడు రాకపోతే సైరన్ అంటే రోజుకు మూడు నాలుగు తప్పుడు అలారాలు వస్తాయి. యార్డులో అంత దూరం అక్కర్లేదు. ఎస్ఎఫ్7లో అదే మాట 57 మిల్లీసెకన్లే. నిమిషానికోసారి పంపి మూడు రాకపోతే మోగించే లెక్కన తప్పుడు అలారం తొమ్మిది పది రోజులకొకటి. ఇంకా బాగా కావాలంటే 30 సెకన్లకోసారి పంపి నాలుగు రాకపోతే మోగించండి. రెండు నిమిషాల్లో తెలుస్తుంది, తప్పుడు అలారం రెండు వారాలకొకటి. ఎక్కువసార్లు పంపితే అలారాలు పెరుగుతాయనిపిస్తుంది కానీ, ఇక్కడ తగ్గుతాయి. ఇదంతా పంపే సమయాన్ని ఐదారు సెకన్లు అటూ ఇటూ క్రమం లేకుండా జరిపితేనే. గడియారంలా సరిగ్గా పంపితే ఒకసారి ఢీకొన్న రెండు బండ్లు రాత్రంతా ఢీకొంటూనే ఉంటాయి. ఈ వేగంతో పంపినా సగటు వాడకం అర మిల్లీయాంపియరు లోపే, బండి బ్యాటరీ లేకపోయినా సొంత సెల్లు మీద నెల రోజులు నిశ్చింతగా నడుస్తుంది.

గోడ నోడు అంటే బండిలో పెట్టే పెట్టె లాంటిదే ఇంకొకటి, యార్డు గోడకు బిగించి, సొంత బ్యాటరీతో. అది ఎక్కడికీ పోదు కాబట్టి దాని మాట ఎప్పుడూ వినపడాలి. ఒక్క టిప్పరు మాట ఆగి గోడ నోడు మాట వినపడుతుంటే ఆ టిప్పరుకే ఏదో అయింది. అన్నీ, గోడ నోడుతో సహా, ఒక్కసారి ఆగితే రిసీవరు పాడై ఉండాలి, లేదా ఎవరో జామర్ పెట్టి ఉండాలి. ఈ రెండింటినీ విడదీయడానికి రిసీవరు గాలిలోని నేపథ్య శబ్దాన్ని కూడా కొలవాలి. మామూలుగా అది మైనస్ 110 డీబీఎం (సిగ్నలు బలానికి కొలత) కిందే ఉంటుంది. అర నిమిషం పాటు మైనస్ 80 దగ్గర నిలిచి ఉంటే అది జామరే అనుకుని వేరే శబ్దంతో సైరన్ మోగించండి. అనుమతి లేకుండా జామరు వాడటం నేరం, పోలీసులకు చెప్పేటప్పుడు ఈ కొలతను కూడా ఇవ్వండి.

సైరన్ వైరుతో వాచ్‌మన్ గదికి కలపాలి. ఫోనుకు మెసేజీ వెళితే చాలనుకుంటే, మొబైల్ సిగ్నలును నొక్కే జామరు ముందు మీరు ఓడినట్టే. మెసేజీ అదనం మాత్రమే.

తెల్లవారుజామున డ్రైవర్లు బండ్లు తీసేటప్పుడు సైరన్ మోగకూడదు. గేటు దగ్గర కార్డు రీడరు పెట్టి, డ్రైవరు కార్డు చూపాక ఆ బండిని పదిహేను నిమిషాల పాటు బయటికి వెళ్లనిచ్చే ఏర్పాటు చేయండి. ఈ భాగాన్ని చిన్నదని వదిలేయకండి. రోజూ ఊరికే మోగే సైరన్ వైరును వాచ్‌మన్ పీకేస్తాడు, అందులో అతని తప్పు లేదు. డ్రైవర్లకు కూడా ఈ పెట్టె ఏం చెబుతుందో, ఏం చెప్పదో ముందే వివరించండి.

రోడ్డు మీద మూడు చోట్ల వినే రేడియోలు చాలు మీకు: పాతపట్నం దారిలో ఒకటి, టెక్కలి వైపు ఒకటి, శ్రీకాకుళం వైపు ఒకటి. దారులు చీలే చోటికి వీలైనంత దగ్గరగా ఉండాలి. హైవే స్థలంలో సొంతంగా స్తంభం పాతకూడదు. మీకు పరిచయమున్న బంకులోనో, కాటా దగ్గరో, డాబా మేడమీదో యజమాని ఒప్పుకుంటే ఆరు నుంచి ఎనిమిది మీటర్ల ఎత్తులో పెట్టండి. టోల్‌గేటుకు దగ్గర్లో మాత్రం వద్దు. ఫాస్టాగ్ రీడర్లదీ ఇదే పట్టీ, వాటి ప్రసార శక్తి ముందు మీ చిన్న పెట్టె గొంతు వినపడదు.

కదిలే బండి ఎస్ఎఫ్9కి మారి 15 సెకన్లకోసారి పంపాలి. క్యాబిన్ ఇనుము, చెట్లు అన్నీ చూసుకుని వినికిడి దూరం అర కిలోమీటరే అనుకోండి. అటూ ఇటూ కలిపి కిలోమీటరు. 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లే లారీ దాన్ని నిమిషంలో దాటుతుంది, అంటే నాలుగు మాటలు పలుకుతుంది. అందులో ఒక్కటి అందినా బండి ఏ దారి పట్టిందో తెలుస్తుంది. నిమిషానికోసారి పంపే పద్ధతినే రోడ్డు మీదా ఉంచేస్తే ఒక్క మాటే పలుకుతుంది, అది అందకపోతే బండి వినపడకుండానే దాటిపోతుంది. యార్డు రిసీవరు ఎస్ఎఫ్7 మాత్రమే వింటుంది కాబట్టి బండి కదలగానే ఆఖరి మాటగా కదిలానని ఎస్ఎఫ్7లో చెప్పి ఆ తర్వాతే మారాలి.

వినే రేడియో, 4జీ మోడెమ్ కలిపి రెండు వాట్ల దాకా తింటాయి, రోజుకు 48 వాట్-అవర్లు. 12 వోల్టుల 7 ఏహెచ్ (యాంపియర్-అవర్ల) బ్యాటరీ రెండు రోజులు కూడా నిలవదు. 20 ఏహెచ్ ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ, 40 వాట్ల ప్యానెలు పెడితే మబ్బు పట్టినా నాలుగు రోజులు లాగుతుంది. మన జిల్లాలో ఈ అదనం విలాసం కాదు. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటాక ఆ ప్రాంతం రోజుల తరబడి కరెంటు లేకుండా ఉంది. గాలివాన హెచ్చరిక వస్తే ప్యానెలును దించేయండి, అది తెరచాపలా గాలిని పట్టి స్తంభాన్ని పడగొడుతుంది. కళింగపట్నం, భావనపాడు వైపు ఎక్కడైనా పెడితే ఉప్పుగాలి కనెక్టర్లను తినేస్తుంది. తనలో తానే అతుక్కునే రబ్బరు టేపు చుట్టి, దాని మీద మామూలు టేపు చుట్టాలి. ఉత్త ఇన్సులేషన్ టేపు లోపల నీరు చేర్చి ఇంకా పాడు చేస్తుంది. కొబ్బరి, జీడి తోటల మధ్య వేసవిలో అందిన దూరం వానాకాలంలో అందదు, తడి ఆకు ఈ తరంగాన్ని మింగుతుంది. పరీక్ష వానాకాలంలోనే చేసి దూరం నిర్ణయించుకోండి.

దూరం నుంచి ఇంజను ఆపేయవచ్చా అని కూడా అడిగారు. నడుస్తున్న బండి ఇంజను మాత్రం ఎప్పుడూ ఆపకండి. స్టీరింగు బిగుసుకుంటుంది, గాలి బ్రేకుకు కంప్రెసరు ఆగుతుంది, హైవే మీద ఎవరి ప్రాణమో పోతుంది. చేయదగ్గది ఒకటే: బండి ఆగి ఉన్నప్పుడు సెల్ఫ్ మోటారుకు వెళ్లే సన్నని ట్రిగ్గరు వైరులో 24 వోల్టుల రిలే పెట్టి సెల్ఫ్ పట్టకుండా ఆపడం. టిప్పర్లకు మామూలుగా తెగి ఉండే రిలే పెట్టండి, పెట్టె పీకినా సెల్ఫ్ పట్టదు. స్కూలు బస్సులకు మామూలుగా కలిసి ఉండే రిలేనే పెట్టాలి. పెట్టె పాడై పిల్లలతో బస్సు దారిలో నిలిచిపోవడం కంటే ఆ కాస్త భద్రత వదులుకోవడమే సరైనది. బీఎస్6 బండ్లలో క్యాన్ వైర్లను (బండిలోని కంప్యూటర్లు మాట్లాడుకునేవి), ఓబీడీ సాకెట్టును (మెకానిక్ స్కానరు పెట్టేది) ముట్టుకోకండి. తప్పు కోడ్లు పడతాయి, వారంటీ గొడవ వస్తుంది. ఏఐఎస్-140 పెట్టె (ప్రభుత్వ ప్రమాణం ప్రకారం బిగించే ట్రాకరు) ఉన్న బండిలో దాని వైరింగులోంచి కరెంటు తీయకండి, అత్యవసర బటను కూడా దాని మీదే ఆధారపడి ఉంటుంది.

అలారం నిజమని తేలితే ముందు 112కి ఫోన్ చేయండి. ఏ దారిలో, ఏ సమయానికి చివరి మాట వినపడిందో చెప్పండి. మీరే వెంటపడకండి. అదే రోజు ఎఫ్ఐఆర్, అదే రోజు ఇన్సూరెన్సు కంపెనీకి రాతపూర్వకంగా కబురు ఇవ్వండి. రెండు తాళంచెవులూ జాగ్రత్త చేయండి, వాటిని అడుగుతారు. రిసీవర్ల లాగ్ ఫైలును తెరిచి సవరించకుండా ఒక నకలు తీసి పెట్టండి. రిసీవర్ల గడియారాలు ముందు నుంచీ ఇంటర్నెట్ సమయంతో సరిచూసుకునేట్టు ఉంటేనే ఆ లాగ్‌కు విలువ. కోర్టులో అది ఎలక్ట్రానిక్ సాక్ష్యం కిందికి వస్తుంది, భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షను ప్రకారం ధ్రువపత్రం జతచేయాలి.

పది బండ్లకూ ఒకేసారి పెట్టవద్దు. గోడ నోడు, ఒక రిసీవరు, రెండు టిప్పర్లతో మొదలుపెట్టి రెండు వారాలు సైరన్ కలపకుండా లాగ్ మాత్రం రాయించండి. ఏ గంటలో మాటలు ఎక్కువ పోతున్నాయో, కట్-ఆఫ్ స్విచ్చి వల్ల గాని, యాంటెన్నా చోటు వల్ల గాని ఏ బండి తరచూ మూగబోతోందో అందులోనే కనిపిస్తుంది. అవి సరిచేశాక మిగతా ఎనిమిదింటికీ, సైరన్‌కూ వెళ్లండి. రోడ్డు పక్కవి అన్నిటికంటే చివర, ముందు పాతపట్నం దారిది.